సిగ్నల్ దొరికిన చోటు

"నీ మాట వినుంటే ఈపాటికి వాడి కాలు నిలువునా చీరేసేవాళ్ళు. ఇటు రా, చూడు!"

మరదలు వార్డులో ఇంకా రెండో అడుగు వేయలేదు. చేతిలో టీ ఫ్లాస్కు, భుజాన ఉతికిన బట్టల సంచి. స్నానం చేసి వస్తానని మధ్యాహ్నం ఇంటికి వెళ్ళింది. స్నానమైతే చేసింది గానీ జుట్టు ఆరబెట్టుకునే ఓపిక లేక తడి జడతోనే వచ్చేసింది. ఏ కబురు వినాల్సి వస్తుందోనని దారంతా వణికిన మనిషి, వచ్చీరాగానే ఈ మాట విని, కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తెలియక నిలబడిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఏమవుతుంది? పెరిగింది! నువ్వెళ్ళేటప్పుడు అరవై ఐదు. ఇప్పుడు డెబ్బై రెండు. నమ్మకం లేకపోతే నా కళ్ళజోడు పెట్టుకుని చూసుకో."

అక్క స్టూలు మీద కూర్చుని, మంచం పక్క బల్ల మీదున్న మెషిన్ వంక మెడ చాచి చూస్తోంది. ఆవిడ ఒక్క తమ్ముడికే కాదు, వీధి మొత్తానికీ అక్కే. డిష్‌లు బిగించే తమ దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుని, తండ్రి కుర్చీకే పరిమితమైన నాటి నుంచి తమ్ముణ్ణి పెంచింది. చదివించింది. పెళ్ళి చేసింది. పెళ్ళి చేశానన్న సంగతి మాత్రం ఆ తర్వాత మర్చిపోయింది.

ఆ తమ్ముడే మంచం మీదున్న ఈ పొడుగాటి మనిషి. సన్నగా ఉండి, సగం రోజు మేడల మీదే గడుపుతాడు కాబట్టి వీధిలో అందరూ యాంటెన్నా అంటారు. నిన్న పొద్దున ఒక మేడ మీద పాత ఇనుప స్తంభం దించుతుంటే, అది జారి అతని ఎడమ కాలిని మోకాలి కింద పిట్టగోడకేసి నొక్కేసింది. నలుగురు కలిసి ఎత్తేదాకా కాలు అలాగే దాని కింద ఉంది.

"డెబ్బై రెండా?" అంది మరదలు. ఫ్లాస్కు కింద పెట్టి తెర దగ్గరికి వంగింది. రెండు కాళ్ళకీ మోకాలి కింద అంటించిన పట్టీలు, కండలో రక్తం ఎంత ఆడుతోందో చూసి చెప్పే రెండు అంకెలు. పైన మంచి కాలిది అరవై మూడు. కింద దెబ్బ కాలిది, నిజంగానే డెబ్బై రెండు.

ఆమె గుండెలోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది.

పొద్దున డాక్టరమ్మ చెప్పిన మాటలు అప్పటిదాకా చెవుల్లో రంపంలా తిరుగుతూనే ఉన్నాయి. "ఎముక చిట్లింది, అది అతుక్కుంటుంది. నా భయం కండ గురించి. కండ చుట్టూ ఒక గట్టి పొర ఉంటుంది, సాగదు. లోపల వాపు పెరిగితే ఇరుకు గలేబులో దూది కుక్కినట్టే. రక్తానికి దారి ఉండదు. అప్పుడు పొర కోసి వదులు చేయాలి, వెంటనే చేయాలి."

మరదలు కుట్టుపని మనిషి. తలగడల గలేబులు కుట్టి దుకాణాలకు ఇస్తుంది. ఇరుకు గలేబు సంగతి ఆమెకు ఇంకెవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. "కుట్టు విప్పేయండి డాక్టరుగారూ" అనేసింది అక్కడికక్కడే.

అంతే. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాటకే వాళ్ళ మధ్య నిప్పులు కురుస్తున్నాయి.

"కోస్తే గానీ నీ ప్రాణం చల్లబడదా?" అని అక్క. "అక్క చెప్పిందిగా, వద్దు. నాకసలు నొప్పే లేదు" అని మొగుడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అన్నారా? సగం మొగుడు వద్దంటే, మిగతా సగం ఊఁ కొట్టాడు. అప్పటికి అంకె ఇంకా మరీ దిగలేదు గనక డాక్టరమ్మ కూడా బలవంతం చేయలేకపోయింది. "కింది అంకె పైదానికంటే ఎక్కువే ఉండాలి. దెబ్బ తగిలిన చోటికి ఒళ్ళు ఎక్కువ రక్తం పంపుతుంది. అది జారి పైదానికి దిగువకొచ్చిందా, మీరు వద్దన్నా నేను ఊరుకోను" అని చెప్పి, ఇంకో ఆపరేషన్‌కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు డెబ్బై రెండు.

"అయితే నాదే తప్పు వదినా" అంది మరదలు. నిజంగానే అంది. మాట నెగ్గకపోతేనేం, కాలు నెగ్గింది కదా.

ఆ మాటకి అక్క కాస్త మెత్తబడింది. "తప్పని కాదులే. నీకు వాడి మీద ప్రేమ లేదంటానా? నాన్నని చూసినదాన్ని గనక నా భయం నాది. ఇలాగే కాలు వాచింది. కోస్తామన్నారు, కోశారు. తర్వాత మోకాలి దాకా తీసేశారు. ఆ మనిషి బతికినన్నాళ్ళు దుకాణంలో కుర్చీ దిగలేదు. కోయడమంటే నాకదే గుర్తు."

మరదలు టీ పోసి ఇచ్చింది. అక్క పుచ్చుకుంది. పొద్దున్నుంచీ ఇద్దరి చేతులూ ఒక వస్తువు మీద కలవడం అదే మొదటిసారి.

"నాకు లేదా?" అన్నాడు యాంటెన్నా మంచం మీంచి.

"మిమ్మల్ని ఏమీ తాగొద్దన్నారు డాక్టరుగారు. ఎప్పుడు ఏ అవసరమొస్తుందోనని" అంది మరదలు.

"ఇదెక్కడి అన్యాయం? కనెక్షన్ నాది, ప్రోగ్రాం మీరు చూస్తున్నారు."

అక్క పకపకా నవ్వింది. బీపీ చూడ్డానికి వచ్చిన నర్సు కూడా నవ్వింది.

"సిస్టర్, ఈ మెషిన్‌కి నెలవారీ ప్యాకేజీయా, ఏడాదికా?" అన్నాడతను. "రెండు ఛానెళ్ళే వస్తున్నాయి. రెండిట్లోనూ కాళ్ళే. మా దుకాణానికి రండి, ఇంతకంటే మంచివి ఇస్తాం."

"నొప్పెలా ఉంది?" అంది నర్సు నవ్వుతూనే.

"నొప్పా? అది నిన్ననే డిశ్చార్జి అయి వెళ్ళిపోయింది."

నర్సు తెర వంక చూసింది, డెబ్బై రెండు రాసుకుంది, దుప్పటి అంచు ఎత్తి పాదం తాకి చూసింది. పక్క మంచం మీది ముసలాయన అప్పటికే మూడోసారి పిలుస్తున్నాడు. "వస్తున్నా తాతగారూ" అంటూ అటు వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత హుషారుగా ఉన్నాడో" అంది అక్క మురిసిపోతూ. "పొద్దున్నుంచీ ఇదే వరస. నన్ను నవ్వించి చంపుతున్నాడు."

మరదలు నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టేసింది.

యాంటెన్నా మామూలుగా మాట్లాడే మనిషి కాదు. అన్నం పెడితే తింటాడు, రిమోట్ ఇస్తే చూస్తాడు, ఏమండీ అంటే ఊఁ అంటాడు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు నిచ్చెన మీంచి పడి ఇంటికొచ్చి, తలుపు దగ్గర్నుంచి జోకుల మీద జోకులేశాడు. ఇంత సరదా మనిషిని కట్టుకున్నానా అని ఆమె పొంగిపోయింది. తీరా చూస్తే మణికట్టు విరిగి ఉంది. ఆ తర్వాత పన్ను పీకించుకున్న రోజూ అంతే, వేలిలో మేకు దిగిన రోజూ అంతే. అబ్బా అనడం అతనికి చేతకాదు. అనకుండా ఉండడానికి నోటికి పని పెడతాడు.

అక్కకి అది తెలియదా? పెంచిన మనిషికి తెలియదంటే ఎవరు నమ్ముతారు? కానీ అక్క దగ్గర వాడు చిన్నప్పట్నుంచీ నవ్విస్తూనే ఉన్నాడు. నవ్వించే పిల్లాడు బాగున్నాడనే ఆవిడ లెక్క.

"మీకు చెమటలు పడుతున్నాయి" అంది మరదలు మొగుడితో.

"ఫ్యాను నా వైపు తిరగడం లేదు. అక్క వైపే చూస్తోంది. దానికీ అక్కంటేనే భయం."

"కాలు చూడనివ్వండి."

"కాలేముంది చూడ్డానికి? నువ్వు పెళ్ళిచూపుల్లోనే చూశావుగా."

ఆమె మంచం అవతలి పక్కకి వెళ్ళింది. కాలి మీద బరువు పడకుండా ఇనుప కమ్ముల గూడు పెట్టి, దాని మీద దుప్పటి కప్పారు. తడిగుడ్డతో పాదం తుడిచే నెపం మీద దుప్పటిని మోకాలి దాకా తీసింది.

మోకాలి కింద చర్మం బిగదీసి, నూనె రాసినట్టు మెరుస్తోంది. వేలితో మెల్లగా తాకింది. కండ తాకినట్టు లేదు, బల్ల తాకినట్టుంది.

"ఇదిగో, నువ్వు అక్కడ చెయ్యేస్తే ఛానెల్ మారిపోతుంది" అన్నాడు యాంటెన్నా. గొంతు చివర్లో సన్నగా వణికింది.

పట్టీ ఉండాల్సిన చోట లేదు. మోకాలి కింద, బయటి వైపున, జిగురు తాలూకు తెల్లటి మరక మాత్రమే ఉంది.

ఆమె దుప్పటి ఇంకా పైకి తీసింది. పట్టీ మోకాలి పైన ఉంది. తొడ మీద. దెబ్బ తగలని చోట.

"వదినా, ఈ పట్టీ ఎవరు జరిపారు?"

"నేనే" అంది అక్క. దాచుకోవాల్సిన పనేదో చేశానన్న ధ్యాసే లేదు ఆవిడకి. "నువ్వెళ్ళిన కాసేపటికే మెషిన్ కూ కూ అని మొదలెట్టింది. చూస్తే చెమటకి ఊడిపోయి ఉంది. శుభ్రంగా తుడిచి మళ్ళీ అంటించాను. సిస్టర్‌కి కూడా చెప్పాను, ఊడితే అంటించానమ్మా అని. సరే అంది."

"అంటిస్తే అంటించారు. ఇక్కడెందుకు అంటించారు?"

"కింద సిగ్నల్ సరిగ్గా రాలేదు. యాభై, నలభై ఎనిమిది అని పడిపోతోంది. కొంచెం పక్కకి జరిపాను, రాలేదు. పైకి జరిపాను, కాస్త వచ్చింది. ఇంకొంచెం పైకి పెట్టేసరికి డెబ్బై దాటింది. ఇక అక్కడే ఉంచేశాను."

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. తమ్ముడు మేడ మీద డిష్ తిప్పుతుంటే, కింద కిటికీ దగ్గర నిలబడి టీవీ చూస్తూ అరవడం. "రాలేదు... ఇంకొంచెం... వచ్చింది, వచ్చింది, అక్కడే ఉంచు!" బొమ్మ రాకపోతే టీవీని తిట్టకు, డిష్ తిప్పు అనేవాడు తండ్రి. అంకె తగ్గితే కాలికి ఏదో అయిందని అక్కకి తోచలేదు. పట్టీ తప్పు చోట ఉందనే తోచింది. మంచి అంకె వచ్చిన చోటే సరైన చోటు అనుకుంది.

"వదినా" అంది మరదలు. "ఇది బొమ్మ కోసం తిప్పే డిష్ కాదు. కండలో ఊపిరి ఉందో లేదో చూసేది. ఊపిరి ఆడని చోట పెట్టాలి దీన్ని. మీరు ఆడే చోట పెట్టి బాగుంది అంటున్నారు."

"అంటే?"

"అంటే మీరు చూసింది తొడ. కాలు కాదు."

అక్క చేతిలో గ్లాసు ఒరిగింది. టీ చీర మీద పడింది. ఆవిడ చూసుకోలేదు.

తెర మీద డెబ్బై రెండు పచ్చగా వెలుగుతూనే ఉంది.

"సిస్టర్ని పిలుస్తాను" అంది మరదలు.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగు. ఒక్క నిమిషం ఆగవే తల్లీ. మనమే తీసి కింద పెట్టేద్దాం. ఏమీ జరగనట్టే ఉంటుంది."

"ఏమీ జరగనట్టు ఎలా ఉంటుంది వదినా?"

"నేను చేశానని తెలిస్తే..." అక్క తమ్ముడి వంక చూసింది. అందరూ ఏమనుకుంటారోనన్న భయం కాదది. వాడేమనుకుంటాడో అని. అక్క అంటే ఈ లోకంలో తప్పు చేయని మనిషని నమ్మేవాడు ఆవిడకి ఒక్కడే ఉన్నాడు.

జాలేసే మాటే. మరదలికీ జాలేసింది. ఇంటి గుట్టు బయటపెట్టడమంటే కడుపు చించుకోవడమే, కాళ్ళ మీద పడుతుంది అంటారు. కానీ ఇక్కడ మంచం మీద ఒక కాలు అప్పటికే పోయేలా ఉంది. ఆమె చెయ్యి విడిపించుకుని వరండాలోకి పరుగెత్తింది.

*

డాక్టరమ్మ ఆపరేషన్ టోపీతోనే వచ్చింది. వెనకే నర్సు. నర్సు మొహంలో నెత్తురు చుక్క లేదు. సరే అన్నది తనేనని ఆమెకి గుర్తొచ్చినట్టుంది.

డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. దుప్పటి తీసింది, కాలు నొక్కింది. తొడ మీది పట్టీ ఊడదీసి పక్కన పడేసి, కొత్తది తీసి మోకాలి కింద బయటి వైపున అంటించింది. దాని మీద అరచెయ్యి అదిమి, తెర వంక చూసింది. తెర మీద కింది అంకె మాయమైంది. దాని చోట మూడు చిన్న గీతలు మినుకుమన్నాయి.

అందరూ అటే చూశారు. యాంటెన్నా తప్ప. అతనికి మెషిన్ తలవైపున, వెనక ఉంది. అతనికి కనబడేది వాళ్ళ మొహాలే.

అంకె వచ్చింది. ముప్ఫై ఎనిమిది.

పైన మంచి కాలిది అరవై మూడు, కదలకుండా అలాగే ఉంది.

"థియేటర్ సిద్ధం చేయమని చెప్పు" అంది డాక్టరమ్మ నర్సుతో. తర్వాత యాంటెన్నా వైపు తిరిగింది. "బాబూ, ఇక ఆలస్యం లేదు. కాలికి రెండు పక్కలా కోసి పొర విప్పాలి. మీరు సరేనంటే ఇప్పుడే తీసుకెళ్తాను."

"వద్దు" అన్నాడతను.

"వద్దంటే కండ చచ్చిపోతుంది."

"ఇందాకటి దాకా బాగానే ఉంది డాక్టరుగారూ. మీరొచ్చి పట్టీ మార్చేసరికి బాగాలేదంటున్నారు. మీ పట్టీలోనే ఏదో ఉంది." నవ్వబోయాడు. పెదాలు సహకరించలేదు. "ఫిట్టింగ్ సరిగ్గా లేకపోతే మా పనిలోనూ ఇంతే."

"ఇందాక అది తొడ మీదుంది" అంది మరదలు. "నేను చూశాను. నా కళ్ళతో చూశాను. నా మాట నమ్మండి."

"నువ్వు పొద్దున్నుంచీ కోయమనే అంటున్నావు."

ఆ మాట మెల్లగానే అన్నాడు. కానీ చెంప మీద కొట్టినట్టే తగిలింది ఆమెకి. కట్టుకున్నదాని మాటకి ఆ ఇంట్లో ఎంత విలువో ఆమెకి ఎప్పుడో తెలుసు. ఐనా పరాయివాళ్ళ ముందు, ఇంత కష్టంలో, అది వినాల్సొచ్చింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"సరే, నా మాట నమ్మొద్దు. మీ కాలి మాట వినండి. నొప్పి లేదా? నా మొహం చూసి చెప్పండి, లేదా?"

అతను ఆమె మొహం చూడలేదు.

"మీ నాన్నగారి కాలు కోసినందుకు పోలేదండీ" అంది మరదలు. "వదినే నాకు చెప్పింది. కట్టు బిగిసిపోయిందని ఆయన ఏడుస్తుంటే ఓర్చుకో, ఓర్చుకో అన్నారట అందరూ. ఓర్చుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత కోశారు. మీరూ అలాగే ఓర్చుకుంటున్నారు."

"అక్క చెప్పనీ" అన్నాడు యాంటెన్నా. "అక్క చెబితే చేయించుకుంటాను."

అందరూ అక్క వైపు తిరిగారు.

అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చీర మీద టీ మరక చల్లబడిపోయింది. ఊళ్ళో పది మందికి సమాధానం చెప్పే నోరు, కేబుల్ పోయిందని పోట్లాటకొచ్చిన వాళ్ళని నవ్వించి పంపించే నోరు, ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

"అమ్మా, మీరు చెప్పండి" అంది డాక్టరమ్మ. "త్వరగా."

అక్క స్టూలు దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. తెర ముందు, కిటికీలోంచి ఎవరింటి టీవీనో చూస్తున్నట్టు నిలబడింది. ముప్ఫై ఏడు. ఆవిడ చూస్తుండగానే ఒకటి తగ్గింది.

"అక్కా" అన్నాడు వెనకనుంచి తమ్ముడు. "వచ్చిందా?"

మేడ మీంచి అడిగినట్టే అడిగాడు. అదే గొంతు. పదేళ్ళ వయసులో, తండ్రి కుర్చీలో కూలబడ్డాక, మొదటిసారి పైకెక్కిన రోజు నుంచీ అడుగుతున్నట్టే. అప్పుడు కూడా వాడికి బొమ్మ కనబడేది కాదు. అక్క మాటే బొమ్మ.

ఒక్కోసారి వాన పడేది. వాడు పైన తడుస్తూ, ఇనుప గొట్టం పట్టుకుని వణుకుతూ ఉంటే ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు. తెర నిండా చుక్కలు ఉన్నా సరే, "వచ్చిందిరా, దిగు" అనేది. వాడు దిగొచ్చి, చుక్కలు చూసి, అక్కని తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కేవాడు. ఆవిడ వాడికి జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ అవే. వాణ్ణి దింపడానికి చెప్పినవే.

"అక్కా! వచ్చిందా, లేదా?"

మరదలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"రాలేదురా" అంది అక్క.

వార్డులో ఆ మాట ఒక్కటే వినబడింది.

"రాలేదు. మధ్యాహ్నం నుంచీ రాలేదు. నేను తప్పు చోట పెట్టి వచ్చిందన్నాను. నీ పెళ్ళాం చెప్పిందే నిజం." ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. తిప్పితే తమ్ముడి మొహం చూడాలి. "నేనే పెట్టాను. ఎవరూ చెప్పలేదు నాకు, నేనే పెట్టాను. కోయించుకోరా. నా తండ్రీ, కోయించుకో."

యాంటెన్నా చాలాసేపు కప్పు వంక చూశాడు. జోకు వేస్తాడేమోనని మరదలు భయపడింది. వెయ్యలేదు.

"నొప్పిగా ఉందే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. అక్కతోనో, పెళ్ళాంతోనో. "పొద్దున్నుంచీ. కాలు లోపల్నుంచి పగిలిపోతున్నట్టుంది. ఇంజెక్షన్ ఇచ్చినా పోలేదు. చెబితే కోస్తారని చెప్పలేదు."

మరదలు అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. అతను దాన్ని విడిపించుకోలేదు. ఇంతటి దుఃఖంలోనూ ఆమెకి అదొక చిన్న ఊరటే. అంతకంటే సిగ్గుపడాల్సిన ఊరట ఇంకోటి లేదని కూడా అనిపించింది.

"సరే, తీసుకెళ్ళండి" అన్నాడతను డాక్టరమ్మతో.

ఇద్దరు మనుషులు వచ్చి మంచం చక్రాల పట్టు విప్పారు. నర్సు మెషిన్ తీసి మంచం మీదే పెట్టింది. అక్క దారికి అడ్డుగా నిలబడి ఉంటే, మరదలే ఆవిడ భుజం పట్టుకుని పక్కకి జరిపింది. ఆ భుజం ఇంత చిన్నదని ఆమెకి ఇన్నేళ్ళలో తెలియదు.

"వదినా, రండి. మనం కూడా వెళ్దాం."

అక్క తలాడించింది.

"ఆగండి" అంది డాక్టరమ్మ హఠాత్తుగా. మంచం కాళ్ళ వైపుకి వెళ్ళి దుప్పటి ఎత్తింది. ఎడమ పాదం బయటపడింది. "లోపలికి వెళ్ళే ముందు ఒకటి చూడాలి, నరం ఇంకా పనిచేస్తోందో లేదో. బాబూ, ఎడమ బొటనవేలు పైకి లేపండి. మీ మొహం వైపుకి."

యాంటెన్నా కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"ఇంకోసారి" అంది డాక్టరమ్మ. గొంతులో తొందర పోయింది. ఆ పోవడమే మరదలికి నచ్చలేదు.

అక్క, మరదలు ఇద్దరూ ఆ వేలినే చూస్తున్నారు. అది కదల్లేదు. గోరు మీద ఇనుప తుప్పు మరక ఇంకా అలాగే ఉంది. నిన్న పొద్దున మేడ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి ఎక్కాడు, జారకుండా.

యాంటెన్నా కళ్ళు తెరిచి, వాళ్ళ ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"లేపాను కదా" అన్నాడు.